తల ఊపిన తప్పు ఎవరిది?



మీ ఇంట్లో చెవులు మందగించిన పెద్దవారెవరైనా ఉన్నారా? ఉంటే ఒక్క క్షణం గుర్తు చేసుకోండి. నిన్న రాత్రి అన్నాల కాడ మీరంతా దేనికో నవ్వారు. ఆయన మీ ముఖాల వంక చూసి "ఏమన్నరు?" అని అడిగారు. మీరేమని జవాబిచ్చారు? "ఏం లేదు తియ్యి" అనలేదా?

నేను ఆ మాట చాలా ఏండ్లు అన్నాను. మా బాపు హుజూరాబాద్‌లో వడ్ల గిర్నిలో పనిచేశారు. ముప్పై ఏండ్లు ఆ మిషను పక్కనే నిలబడ్డారు. పట్టా తిరిగే చప్పుడు, మోటారు మోత, జల్లెడ ఊగే చప్పుడు. అక్కడ మనుషులు మాట్లాడుకోరు, సైగలు చేసుకుంటారు, లేదా చెవిలో నోరు పెట్టి అరుస్తారు. వారానికి నలభై గంటల చొప్పున వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్క గిర్నిలో ఎవరికి తెలుసు? చెవులు గుయ్యిమంటే రెండు రోజుల్లో సర్దుకుంటుందనుకునేవారు. సర్దుకోలేదు.

ఇక జరిగిన సంగతి చెబుతాను. 2003లో మా చిన్న చెల్లె పెండ్లి అప్పులు తీర్చవలసి వచ్చింది. ఊరవతల బాపు పేరు మీద రెండెకరాల చెలక ఉండేది. అది అమ్ముదామని మా అన్న ఆలోచన. ఒక రాత్రి అందరం కూర్చున్నాం. పైన ఫ్యాను, మూలకు టీవీ, పిల్లల గోల. నలుగురం ఒకరి మాట మీద ఒకరం మాట్లాడుతున్నాం. బాపు మా నోళ్ళ వంక మార్చి మార్చి చూస్తున్నారు. చివరికి మా అన్న ఆయన వైపు తిరిగి "అమ్ముదామా బాపూ?" అని అడిగాడు. ఆయన చిన్నగా నవ్వి తల ఊపారు. లేచి వెళ్ళి మంచం మీద పడుకున్నారు.

మరునాడే బయానా తీసుకున్నాం.

కాగితాలు ముందు పెట్టినప్పుడు గాని ఆయనకు విషయం తెలియలేదు. కాసేపు ఏమీ అనలేదు. తరువాత అడిగింది ఒక్కటే: "బాయికాడి చింతచెట్టు గూడ పోతదా?" పోతుందన్నాం. సంతకం పెట్టారు. ఆ రాత్రి ఆయన అడిగిందనుకున్న మాటేమిటో చాలా రోజుల తరువాత మా అవ్వ ద్వారా తెలిసింది. రాత్రి పొద్దుపోయింది, కొడుకు "పండుదామా బాపూ?" అంటున్నాడనుకున్నారట. పడుకుందామన్నాడు కదా అని తల ఊపి, వెళ్ళి పడుకున్నారు. మరి సంతకం పెట్టేటప్పుడు ఎందుకు చెప్పలేదే అని అవ్వ అడిగితే, "తల ఊపిన్నట గద, మాట తప్పితే ఎట్ల?" అన్నారట.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ తల ఊపు తప్పు ఎవరిది?

పునీత థామస్ అక్వినాస్ అబద్ధమనే పాపం గురించి విచారిస్తూ, అబద్ధం నోటితోనే ఆడనక్కరలేదని, ఎదుటివారికి తప్పు తెలియజేయాలని తలతో సైగ చేసినా అది అబద్ధమేనని రాశారు. ఈ లెక్కన వినకుండానే విన్నట్టు తల ఊపే పెద్దవారందరూ అబద్ధీకులేనా? మాట నాకు చేరింది అని ఆ తల ఊపు చెబుతుంది. చేరలేదు. న్యాయంగా చూస్తే అది అబద్ధమే. కాని అబద్ధానికి మోసగించాలనే ఉద్దేశం ఉండాలి. మా బాపుకు ఆ రాత్రి అట్లాంటి ఉద్దేశం లేదు. ఆయన నిజంగానే ఒక ప్రశ్న విని దానికి సరైన జవాబిచ్చారు. మిగతా వేళల్లో, అంటే ఏమీ వినబడకుండానే నవ్వుతూ తల ఊపిన వేళల్లో, ఆయన కోరింది మమ్మల్ని మోసం చేయడం కాదు. మూడవసారి "ఏమన్నవ్?" అని అడిగి మా ముఖాలలో విసుగు చూడకూడదనుకున్నారు, అంతే. ఆ అబద్ధాన్ని ఆయన చేత పలికించింది మా విసుగు.

మరి నా సంగతి? ఆయన వినలేదని నాకు తెలుసు. ఖాయంగా తెలుసు. ఆ నవ్వు నాకు ఏండ్లుగా తెలిసిన నవ్వు, ఏమీ అర్థం కానప్పుడు వచ్చే నవ్వు. అయినా దాన్ని సమ్మతి కింద లెక్కగట్టాను, ఎందుకంటే ఆ రాత్రి మాకు అది అవసరం. తల ఊపింది ఆయన, అబద్ధమాడింది నేను. పాపసంకీర్తనంలో దీన్ని చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. అప్పుడు కూడా "తండ్రిని సరిగా చూసుకోలేదు" అని గుండుగుత్తగా చెప్పి తప్పించుకున్నాను.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. మనం సైగను చిన్నచూపు చూడలేము. వివాహ సమ్మతిని మాటలతో తెలియజేయాలని, మాట్లాడలేనివారు దానికి సమానమైన సైగలతో తెలియజేయవచ్చని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతుంది. అంటే తల ఊపుకు ఒక జీవితాన్ని ముడివేసేంత బరువు ఉంది. అంత బరువున్నది కనుకనే, ఎదుటివారు దేనికి తల ఊపుతున్నారో తెలుసుకునే బాధ్యత అడిగినవారి మీద కూడా ఉంటుంది. "ఏమని విన్నవే బాపూ?" అని ఒక్కమాట అడిగి ఉంటే ఆ చింతచెట్టు సంగతి ఆ రాత్రే తేలిపోయేది.

చెవులు మందగించడమంటే శబ్దం తగ్గడమే అని చాలామంది అనుకుంటారు. రేడియో గొంతు తగ్గించినట్టు అన్నమాట. అది సరికాదు. వయసు వల్ల గాని, మోత వల్ల గాని వచ్చే చెవుడులో సాధారణంగా ముందు పోయేవి సన్నని శబ్దాలు. స, శ, త, క, ప వంటి హల్లుల పదును అందులో ఉంటుంది. అ, ఆ, ఉ, ఓ వంటి అచ్చులు బరువైన శబ్దాలు, అవి చాలా కాలం వినబడుతూనే ఉంటాయి. అందుకే వారు "వినబడుతుంది గాని అర్థం కాదు" అంటారు. మనం నమ్మము. "తనకు కావలసింది అయితే వినబడుతది" అని ఎకసెక్కాలాడుతాం. మన తెలుగులో ప్రతి మాటా దాదాపు అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి వారికి మాటల తోకలు అందుతాయి, తలలు అందవు. జమ్మికుంట మార్కెట్లో నిలబడి "పత్తి" అన్నా, "కత్తి" అన్నా వారికి ఒకటే. పెదవులు చూసి గుర్తుపట్టవచ్చు గదా అంటారేమో. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా "పాప" అనండి, "మామ" అనండి. తేడా కనిపిస్తే నాకు ఉత్తరం రాయండి! "అమ్ముదామా"కు, "పండుదామా"కు ఉన్న తేడా ఎంతో కూడా అట్లాగే చూసుకోండి.

గట్టిగా అరిస్తే ఏమవుతుంది? అచ్చులు ఇంకా సాగుతాయి, పోయిన హల్లులు తిరిగి రావు, పెదవులు వంకరపోతాయి. పైగా అరిచే మనిషి ముఖం కోపంగా ఉంటుంది. మాట అందదు, కోపం మాత్రం అందుతుంది. మా బాపు ఎన్నోసార్లు "ఎందుకు కోపం జేస్తున్నవ్ బిడ్డా?" అనేవారు. నేను కోపం చేయలేదని అరిచి చెప్పేవాణ్ణి.

చెవిటివాని ముందు శంఖం ఊదిన సామెత మనందరికీ తెలుసు. శంఖం ఊదేవాణ్ణి చూసి, అది కొరకడం నీ తాత తరం కాదన్నాడట చెవిటివాడు. చిన్నప్పటి నుండి నవ్వుకున్న సామెత ఇది. కాని చెవిటివాని వైపు నుండి ఒకసారి చూడండి. అతడు తనకున్న కండ్లతో ఎదుటి మనిషిని శ్రద్ధగా గమనించాడు. పాపం, పండ్లు ఊడిపోతాయేమోనని హెచ్చరించాడు. చెవిటివాడని తెలిసీ శంఖం ఊదిన పెద్దమనిషిని ఏమనాలో మన సామెతలు చెప్పవు. చెవిటివాణ్ణి తిట్టరాదని మోషే ధర్మశాస్త్రం లేవీయకాండంలో విధించింది. వినని తిట్టు వల్ల అతనికేమి నొప్పి అని మనం అడగవచ్చు. అతడు వినడు కనుకనే అది అంత నీచమైన పని అయింది.

మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో ప్రభువు ఒక చెవిటివాణ్ణి స్వస్థపరిచిన ఘట్టం మీకు తెలుసు. జ్ఞానస్నానంలో గురువు బిడ్డ చెవులను, నోటిని తాకే ఆచారం దాని నుండే వచ్చింది. "ఎఫ్ఫతా" అన్న మాట మనకు బాగా గుర్తుంటుంది. అంతకు ముందు ప్రభువు చేసిన పనులను అంతగా పట్టించుకోము. ఆయన ఆ మనిషిని గుంపు నుండి ప్రక్కకు తీసుకొనిపోయాడు. చెవులలో వ్రేళ్ళు పెట్టాడు, నాలుకను తాకాడు, ఆకాశం వైపు చూశాడు, నిట్టూర్చాడు. మాట్లాడింది ఆ తరువాతే. వినబడనివానికి అర్థమయ్యే భాష స్పర్శ, చూపు. ప్రభువు ముందుగా ఆ భాషలోనే మాట్లాడాడు. గుంపులోని గోల చెవి మందగించినవారికి మొదటి శత్రువు, అందుకే మొదట గోల నుండి తప్పించాడు. మేము ఆ రాత్రి టీవీ కూడా ఆపలేదు. లూకా సువార్తలో జెకర్యాకు బిడ్డ పేరు ఏమి పెట్టాలో చుట్టాలు సైగలతో అడిగారు, ఆయన పలక తెప్పించుకొని రాశాడు. మా ఇంట్లో పిల్లల పలకలు మూడు ఉండేవి, బాపుకు ఒకటి ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు. బాపుకు ఐదవ తరగతి వరకు చదువు వచ్చు.

విశ్వాసం వినికిడి ద్వారా కలుగుతుందని పునీత పౌలు రోమీయులకు రాశారు. అయితే చెవులు లేనివారి సంగతేమిటి? జెనీవా పీఠాధిపతి పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ దీనికి వాదనతో కాదు, చేతలతో జవాబిచ్చారు. మార్టిన్ అనే చెవిటి మూగ యువకుణ్ణి చేరదీసి, తామే సైగలతో సత్యోపదేశం నేర్పి, దివ్యసత్ప్రసాదానికి సిద్ధపరిచారు. అందుకే ఆయన బధిరులకు పాలక పునీతుడు. 1923లో పదకొండవ పియూస్ పోపుగారు ఆయననే పత్రికా రచయితలకు కూడా పాలకుణ్ణి చేశారు. వినలేనివారినీ, ఆపకుండా రాసేవారినీ ఒకే పునీతునికి అప్పగించడంలో ఏదో ఎత్తిపొడుపు ఉందని నా అనుమానం. మన దేశంలో 2024లో కేరళలోని త్రిచూరులో జోసెఫ్ తేర్మఠం అనే బధిర యువకుడు గురువుగా అభిషిక్తులయ్యారు. దివ్యబలిపూజను సైగల భాషలో సమర్పించేవారు మన మధ్య ఉన్నారన్నమాట.

మన గుడులలో పరిస్థితి ఏమిటి? మైకులు పెద్దవయ్యాయి, మాట చిన్నదయింది. ఎత్తైన కప్పు, నున్నని గోడలు, నాలుగు స్పీకర్లు; ప్రసంగం ప్రతిధ్వనిలో మునిగిపోతుంది. మంచి చెవులకే కష్టం. పాపసంకీర్తనం మరీ ఇబ్బంది. వినబడని ముసలమ్మ తన పాపాలు తనకు వినబడేంత గట్టిగా చెబుతుంది, వరుసలో నిలుచున్నవారు తలలు వంచుకొని నవ్వుతారు. తరువాతి నెల ఆమె రాదు. భక్తి తగ్గిందనుకుంటాం. తలుపు వేసిన గదిలో, ముఖం కనిపించేలా ఎదురెదురుగా కూర్చోబెట్టడానికి ఖర్చేమీ లేదు. రాసి ఇవ్వవచ్చు. కావాలనుకున్నవారు దుబాసీ ద్వారా కూడా సంకీర్తనం చేయవచ్చునని, ఆ దుబాసీ రహస్యం కాపాడాలని శ్రీసభ చట్టమే చెబుతుంది.

చెవి మిషన్ల గురించి ఒక మాట. కండ్లద్దాలు పెట్టుకున్న మరుక్షణం కండ్లు కనబడ్డట్టు మిషన్ పెట్టగానే చెవులు వినబడవు. అది మాటతోపాటు గిన్నెల చప్పుడునూ పెంచుతుంది. మెదడుకు అలవాటు కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదటి వారమే తీసి డబ్బాలో పడేసినవారు మీ ఊళ్ళో కూడా ఉంటారు. ముందు డాక్టరుకు చూపించండి, కొన్నిసార్లు గులిమి అడ్డుపడి ఉంటుంది, అది తీస్తే చాలు. వేడి నూనె పోయకండి, పిన్నీసులు పెట్టకండి. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో పరీక్షలు చేస్తారు, కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హులకు మిషన్లు ఇస్తారు. ఏదో ఒక మేరకు వినికిడి తగ్గినవారు ప్రపంచంలో 150 కోట్లకు పైగా ఉన్నారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. సిగ్గుపడటానికి అది చాలా పెద్ద గుంపు.

సిగ్గు అన్నాను కనుక రెండవ వైపు కూడా చెప్పాలి. వినబడనివారికీ ఒక బాధ్యత ఉంది. "నాకు వినబడలేదు" అని చెప్పడం. "ఏమిటి?" అని ఊరికే అడగడం కంటే "బయానా ఎవరో ఇచ్చిండ్రంటున్నవు, ఎవరు?" అని అందినదాన్ని పట్టుకొని అడిగితే, చెప్పేవారికి మిగిలింది చెప్పడం తేలిక. ఇది నేను బాపు వద్ద నేర్చుకోలేదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను, ఎందుకంటే నా చెవులూ పోతున్నాయి. గిర్నిలో పనిచేయలేదు గాని, వయసు రానే వచ్చింది. పిల్లల గొంతులు ముందు పోయాయి.

మొన్న సాయంత్రం మా మనుమరాలు వంటింటి గడపలో నిలబడి ఏదో చెప్పింది. నేను నవ్వి తల ఊపాను. అది వెళ్ళిపోయింది. అప్పుడు నా నవ్వు నాకే తెలిసింది, బాపు నవ్వు అది. పిలిచాను. "బిడ్డా, నాకు వినబడలే. ఇటు వచ్చి మళ్ళొక్కసారి చెప్పు" అన్నాను. అది వచ్చి నా మోకాళ్ళ మీద చేతులు వేసి, ముఖంలో ముఖం పెట్టి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"తాతా, పొయ్యి మీద పాలు పొంగుతున్నయి."

అప్పటికే సగం పాలు పొంగిపోయాయి.