భయపడుచున్న చూలాలికి ఏమి చెప్పవలెను?



గర్భవతి తన భయమును నోట చెప్పినప్పుడు మన యిండ్లలో వెంటనే వచ్చు జవాబు, “ఏం గాదు బిడ్డా, దేవునిమీద భారం వేయి” అనునదే. మాట మంచిదే. కాని ఆమె నోరు మూయించుటకు దానిని వాడినయెడల అది ఆదరణ యగునా? అసలు భయపడుట అవిశ్వాసమా?

లూకా సువార్త మొదటి అధ్యాయము చూతము. భయపడవద్దని మరియతో చెప్పిన దూతయే, ఆమె బంధువురాలైన ఎలీసబెతుకు ఆరవ మాసమన్న సంగతియు తెలిపెను. ధైర్యవచనముతో పాటు ఒక తోడును కూడ చూపెను. మరియ త్వరపడి కొండసీమకు వెళ్లి ఇంచుమించు మూడు నెలలు అక్కడనే యుండెను. ఎలీసబెతు సయితము అంతకుముందు అయిదు నెలలు ఇతరుల కంటబడక యుండినది. ఒకతె ముసలిది, ఒకతె పడుచు. ఇద్దరు చూలాండ్రు ఒక్క యింట కూడిరి. విశ్వాసముగలవారికి తోడు అక్కరలేదని ఎట్లనగలము?

మన నార్కట్‌పల్లి పల్లెలలో ఈ భయములు గాలిలోనుండి వచ్చినవి కావు. ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంగినవారిని చూచుచు పెరిగిన స్త్రీ తన కడుపులోని బిడ్డను తలంచుకొనదా? పెద్ద ఆపరేషను చేయుదురేమో, అప్పు పుట్టునో పుట్టదో, మరల ఆడపిల్ల యగునేమో. ఈ కడపటి భయము ఆమె మనస్సున పుట్టినది కాదు, అత్తవారింట పుట్టినది. దానికి ఔషధము ఇంటివారు త్రాగవలెను.

2005 మొదలు 2008 వరకు ఝార్ఖండ్, ఒడిశా పల్లెలలో ఏక్‌జుత్ అను సంస్థ స్త్రీలను నెలనెలా కూడబెట్టి, కాన్పు కష్టములను వారే చర్చించుకొని ఉపాయములు వెదకునట్లు చేసెను. కూడికలు జరిగినచోట పసికందుల మరణములు 32 శాతము తక్కువగా నుండెను. మొత్తముమీద తల్లుల మనోవ్యాకులత తగ్గెనని చెప్పలేముగాని, మూడవ సంవత్సరమున ఓ మాదిరి వ్యాకులత 57 శాతము తక్కువగా కనబడెను. ఆ పని నెమ్మదిగా ఫలించునది.

మనము క్రొత్త సభలు కట్టనక్కరలేదు. ఆరోగ్యలక్ష్మి పథకము 2015లో మొదలైనప్పటినుండి గర్భవతులకు అంగన్వాడీలో ఒక పూట భోజనము కలదు. తినిన వెంటనే లేచిపోక అరగంట కూర్చుండిన చాలును. మన స్త్రీల సమాజము వారు వెళ్లినయెడల ప్రసంగింపక వినవలెను. అక్కడి మాట బావియొద్దకు చేరరాదు. కష్టకాన్పుల కథలు చెప్పుట మన పెద్దమ్మలకు మహా యిష్టము, దానిని మానుకొనవలెను.

నిద్రాహారములు మానినదానిని, చచ్చిపోదునను దానిని కూడికకు విడువక వైద్యునియొద్దకు తీసికొని పోవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరున రుసుము లేక తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ దినమున ఆమె వెంట నడచువారెవరో, ఇంటిలో పిల్లలను చూచువారెవరో కూడిక వారు ముందే మాటలాడుకొనవలెను.