బొమ్మలు తీసే చదువు

వల్లూరు దగ్గరి మా ఎరుకల కాలనీలో డిగ్రీ చివరి ఏడు చదువుతున్న ఒక అమ్మాయి, విదేశం పోయి సినిమా నిర్మాణం చదువుతానంది. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్ళ అవ్వ ఒకటే మాట అడిగింది: "నర్సు చదివితే కాలనీలో సూదైనా వేస్తావు. బొమ్మలు తీసే చదువుకు సముద్రం దాటల్లనా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. అవ్వ అడిగింది చిన్న ప్రశ్న కాదు. పదిమంది కష్టం మీద చదివే మనిషికి తనకు ఇష్టమైన చదువు ఎంచుకునే హక్కు ఉందా? ఉంటే, ఆ చదువు వల్ల తన వాళ్ళకు బాకీ పడుతుందా?

సినిమా కోసం సముద్రం దాటడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. మద్రాసులో సినిమా హాళ్ళు నడిపిన రఘుపతి వెంకయ్య వందేళ్ళ కిందటే తన కొడుకు ప్రకాశ్‌ను ఆ పని నేర్చుకోమని ఇంగ్లండు పంపాడు. ఆయన తిరిగొచ్చాక 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ వచ్చింది. మన జిల్లాలోనే, పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్.రెడ్డి మద్రాసులో పనిలో పడి నేర్చుకుని, 1951లో 'మల్లీశ్వరి' తీశాడు. తర్వాత ఫాల్కే అవార్డు అందుకున్నాడు. ఈ చదువు, ఈ పని మీ కులానికి ఏం పనికొస్తుందని వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు. హాళ్ళున్న తండ్రికి కొడుకు ఇష్టం పెట్టుబడి అవుతుంది. గంపలల్లే తండ్రికి కూతురి ఇష్టం భయమవుతుంది. తేడా ఇష్టంలో లేదు, చేతిలో ఉన్నదాంట్లో ఉంది.

అవ్వకు మేము చెప్పగలిగిన మొదటి జవాబు ఇది: మన ముఖాలు మనకంటే ముందే సముద్రం దాటిపోయినాయి. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ మన కులాల, తెగల వాళ్ళ తలలు కొలిచి, ఫొటోలు తీయించి, 1909లో ఏడు సంపుటాల పుస్తకం అచ్చువేశాడు. 1940లలో హైమండార్ఫ్ నల్లమల చెంచులను, ఆదిలాబాదు గోండులను కెమెరాలో పట్టాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ లండన్‌లోని సోయాస్ కాలేజీలో భద్రంగా ఉన్నాయి. హైమండార్ఫ్ మన మేలు కోరినవాడే. అయినా కెమెరా వెనక నిలబడింది ఆయన, ముందు నిలబడింది మనం.

ఇక్కడ జరిగింది ఇంకొకటి. యక్షగానాల కాలం నుంచీ ఎరుకలసాని వేషం ఉంది, వేసింది మాత్రం వేరేవాళ్ళు. నేరస్థ తెగల చట్టం పేరుతో మా వాళ్ళ వేలిముద్రలు పోలీసు రికార్డుల్లోకి ఎక్కాయి. ఆ చట్టం 1952లో పోయింది గానీ, అది వేసిన దొంగ ముద్ర సినిమాల్లోకి నడిచిపోయింది. గిరిజనుడంటే తలకు ఈకలు, సీమవాడంటే చేతిలో వేటకొడవలి. మనం రెండు విధాలా ఆ బొమ్మ కింద బతుకుతున్నాం.

మరి కెమెరా మన చేతికి వస్తే అన్యాయం పోతుందా? పోదు. మా తప్పే చెబుతాం.

కొన్నేళ్ళ కిందట మా పెద్దమ్మ ఒకామె, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లికి సోది చెబుతా ఉంటే మేము ఫోన్లో తీశాం. మన కళ నిలబడాలనే తీశాం. అడగలేదు. వాట్సాప్‌లో పెట్టాం. అది ఊళ్ళు తిరిగింది, కొందరు నవ్వుకున్నారు. చివరికి ఆ తల్లి ఫోనుకే చేరింది. పెద్దమ్మ మమ్మల్ని పిలిచి అంది: "నా మాట తీసుకుంటే తీసుకో నాయనా. ఆయమ్మ ఏడుపు నాది కాదు, నీది కాదు. ఊరంతా తిప్పేదానికి మనమెవరం?"

మేము ఎరుకలవాళ్ళమే, మా భాషలోనే మాట్లాడాం, మా ఇంటి ముందే తీశాం. అయినా థర్‌స్టన్ చేసిన పనే చేశాం. పుట్టుక ఒక్కటే మనకు ఆ హక్కు ఇవ్వదని ఆ రోజు తెలిసింది.

అందుకే ఈ చదువు అవసరమంటున్నాం. సినిమా నిర్మాణమంటే బొమ్మ తీయడం ఒక్కటే కాదు. డబ్బు ఎవరిది, ఒప్పందం ఎవరితో, ఎవరి అనుమతి తీసుకోవాలి, తీసినది ఎవరి సొంతం అన్నవి అందులోని అసలు సంగతులు. మన 1957 కాపీరైటు చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే. తెర మీద ఏడ్చిన తల్లికి దాని మీద హక్కు లేదు. ఈ లెక్క తెలిసినవాళ్ళు మనలో ఉండాలి.

అది విదేశంలోనే నేర్చుకోవాలా? అక్కర్లేదు. కెనడా ఉత్తరాన ఇన్యూట్ తెగవాడు జకరియాస్ కునుక్ తాను చెక్కిన రాతిబొమ్మలు అమ్మి 1981లో వీడియో కెమెరా కొన్నాడు. తన భాషలోనే తీసిన 'అటనార్జుఅట్'కు 2001లో కాన్స్‌లో తొలి చిత్రాల బహుమతి వచ్చింది. మనకూ పుణెలో, కోల్‌కతాలో ప్రభుత్వ సినిమా విద్యాసంస్థలున్నాయి. అయినా ఆ అమ్మాయి దూరమే పోతానంటే, పోవద్దనడానికి మనకు కారణం లేదు. దూరం పోతే ప్రపంచంలోని మిగతా ఆదివాసులు ఇదే ప్రశ్నతో ఎట్లా పెనుగులాడుతున్నారో చూస్తుంది.

గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు ఏటా 20 మందికే, అదీ పీజీ, ఆపై చదువులకే. ఒకరు సినిమాకు తీసుకుంటే ఒక సైన్సు విద్యార్థికి పోవచ్చు. ఇది నిజమే. కానీ దేశమంతటికీ 20 ఏమిటని అడగకుండా, ఆ 20లోనే కొట్లాడుకోండని పిల్లలకు చెప్పడం న్యాయం కాదు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. పిల్ల సినిమా చదువు అనగానే నవ్వకండి. నోటిఫికేషన్ ముందు పెట్టి, ఏ కోర్సుకు సాయం ఉందో, దేనికి లేదో కూర్చుని చదివించండి. తిరిగి వస్తానని మాట తీసుకోకండి. మిగతా పిల్లల దగ్గర తీసుకోని మాటను మన పిల్లల దగ్గర మాత్రం ఎందుకు తీసుకోవాలి?

బాకీ ఉందా అంటే, ఉంది. అది ఊరికి తిరిగి రావడంలో లేదు. తీసే ముందు అడగడంలో, తీసినది ముందుగా వాళ్ళకే చూపించడంలో, వద్దంటే చెరిపేయడంలో ఉంది. లండన్‌లో ఉన్నా, వల్లూరులో ఉన్నా తీర్చగలిగిన బాకీ ఇది.

ఆ అమ్మాయి అవ్వకు ఈ మాటలే చెప్పాం. ఆమె కాసేపు గంప అల్లుతూ ఊరుకుంది. తర్వాత మనవరాలితో అంది: "సరే పో. నన్ను తీసేటప్పుడు మాత్రం అడిగి తియ్."