నోటికి వచ్చిన చదువు, ఒంటబట్టిన చదువు

తెలుగులో పాఠం నోటికి వస్తుంది, చదువు ఒంటబడుతుంది. మొదటి మాట జ్ఞాపకానికి సంబంధించినది కాగా, రెండవది నేర్చినది మనిషి తీరులో కలిసిపోయి, అవసరమైన చోట పిలవకుండానే పలకడాన్ని చెబుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని తెలివితేటల తేడాగా లెక్కగట్టడమే గాని, నేర్చుకునే వేళ మనసు ఏ ఉద్వేగంలో ఉందని విచారించడం అరుదు.

1908లో యెర్కెస్, డాడ్సన్ అనే అమెరికన్ మనోవిజ్ఞానవేత్తలు చిట్టెలుకలకు నలుపు, తెలుపు పెట్టెల తేడా నేర్పుతూ, తప్పు పెట్టెలోకి వెళ్లినప్పుడల్లా వాటికి విద్యుత్తు తగిలించారు. తేడా తేలికగా తెలిసినప్పుడు దెబ్బ పెరిగినకొద్దీ అవి త్వరగా నేర్చుకోగా, తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మధ్యస్థమైన దెబ్బే మేలనిపించింది. ఎలుకల సంగతిని మనుషులకు యథాతథంగా అంటగట్టడం తొందరపాటే (తర్వాతి పుస్తకాలు ఆ తొందరపాటుకు వెనకాడలేదు). అయినా బెదిరింపు ఇంతకాలం బోధనాపద్ధతిగా ఎలా చెలామణి అయిందో దీనివల్ల కొంత ఊహించవచ్చు. ఎక్కాలు వల్లె వేయించే చోట బెత్తం పనిచేసినట్టే కనిపిస్తుంది; ఏ ఎక్కం ఎక్కడ వాడాలో తేల్చుకోవలసిన లెక్క ముందు అదే పిల్లవాడు బిగుసుకుపోతే, నింద బెత్తం మీద పడదు, వాడి బుర్ర మీద పడుతుంది.

అంకెల వంటి వాటిని కాసేపు మనసులో పట్టి ఉంచి, వాటితో పని చేసే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. అది చాలా ఇరుకైనది కనుక, తప్పితే ఏమవుతుందోనన్న బెంగ అందులో తిష్ఠ వేస్తే లెక్కకు చోటు చాలదు. పైగా, బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అనే మెదడు భాగం ఉద్వేగం రేపిన అనుభవాలు గట్టిగా నిలవడానికి తోడ్పడుతుంది కాబట్టి, పాఠం మరుపున పడిన ఎన్నో ఏళ్లకు కూడా తిట్టిన గొంతు, నిలబెట్టిన గోడ గుర్తుండిపోతాయి.

మనసు ఏ స్థితిలో ఉందన్న విచారణ పాతదే. యోగసూత్రాలకు వ్యాసభాష్యం చిత్తానికి అయిదు భూములను, అంటే అది నిలిచే స్థితులను చెప్పింది: నిలకడలేని క్షిప్తం, మొద్దుబారిన మూఢం, కాసేపు కుదురుకుని చెదిరే విక్షిప్తం, ఒకే విషయంపై నిలిచే ఏకాగ్రం, మనసు కదలికలు అణగిన నిరుద్ధం. భాష్యకారుని లక్ష్యం సమాధియే గాని బడి కాదు. అయినా చెదరడాన్ని, మొద్దుబారడాన్ని మనిషి స్వభావంగా గాక స్థితిగా చూడడం వల్ల, మొద్దు అన్న ముద్రకు ఇక్కడ ఆధారం సడలిపోతుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి చదువులోని భయానికి మూలాన్ని ఒక విద్యార్థిని ఇంకొకరితో పోల్చే అలవాటులో చూపించారు.

భయం తొలగినంత మాత్రాన చదువు అబ్బుతుందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే ఏ ఉద్వేగమూ లేని మనసు ఏకాగ్రానికి కాక మూఢానికే దగ్గర. కుతూహలం కూడా ఉద్వేగమే. తప్పు చెప్పినా పరువు పోదన్న ధీమా ఉన్న పిల్లలు అడిగే ప్రశ్నలు తరచు పాఠంలో లేనివై, ఉపాధ్యాయునికి సైతం వెంటనే జవాబు తోచనివై ఉంటాయి. ఆ క్షణంలో ముందుగా చూడవలసింది ఆయన మనసు ఏ భూమిలో ఉందన్నది.