సన్యాసినులు కుట్టిన టొమాటో

అమెరికా ఈశాన్య భాగంలో షేకర్ మతస్థులు కట్టుకున్న గ్రామాల్లో కొన్ని ఇప్పుడు మ్యూజియంలు. న్యూ హాంప్‌షైర్‌లోని కాంటర్‌బరీ అలాంటిదే, మసాచుసెట్స్‌లోని హాన్‌కాక్ అలాంటిదే. అక్కడికి వచ్చినవాళ్ల చూపు ముందు కుర్చీ మీద పడుతుంది. సన్నటి కాళ్లు, అడ్డపట్టీల వీపు, ఎక్కడా ఒక పువ్వు గానీ లత గానీ చెక్కని కర్ర. దాని ముందు నిలబడి జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అలాంటి చోటే ఏదో ఒక అద్దాల బీరువాలో గుడ్డముక్కలతో కుట్టిన ఎర్రటి టొమాటో ఒకటి ఉంటుంది. గుండుసూదులు గుచ్చుకునే పిన్‌కుషన్ అది. దాన్ని చూసి ముచ్చటపడి, నవ్వుకుని ముందుకు కదులుతారు. కుర్చీలో భక్తి కనిపించినవాళ్లకు టొమాటోలో బేరమే కనిపిస్తుంది. పరిశోధకుల్లోనూ చాలాకాలం ఇదే అభిప్రాయం చలామణీ అయింది: కుర్చీ ఆ మతం నిండుగా వెలిగిన రోజులది, టొమాటో అది చితికిపోయిన రోజులది. చేతిపనికి పవిత్రత ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఈ తీర్పు తప్పుడు జవాబు చెబుతోందని నేననుకుంటాను.

షేకర్ల సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టిన ఆన్ లీ అనే శ్రామిక స్త్రీ 1774లో గుప్పెడుమంది అనుచరులతో న్యూయార్క్ చేరింది, పదేళ్లకు కన్నుమూసింది. ఆమె వెనక నిలిచినవాళ్లు బ్రహ్మచర్యం, ఉమ్మడి ఆస్తి, పాపాలను పెద్దల ముందు ఒప్పుకోవడం అనే కట్టుబాట్ల మీద ఊళ్లకు ఊళ్లే కట్టారు. స్త్రీపురుషులు సోదరసోదరీలుగా ఒకే పెద్ద ఇంట్లో వేరువేరు గదుల్లో ఉండేవారు. పెత్తనం ఇద్దరికీ సమానం. అనాథ పిల్లల్ని తెచ్చి పెంచేవారు, పెద్దయ్యాక ఉండాలో వెళ్లాలో ఆ పిల్లలే తేల్చుకునేవారు. పందొమ్మిదో శతాబ్దం నడుమ మెయిన్ నుంచి కెంటకీ దాకా వేలమంది ఇలా బతికారు. పనిని పూజగా చూడటం వీళ్ల బోధలో పైపూత కాదు, గుండెకాయ. ఆ పని ఎలా ఉండాలో చెప్పే నియమావళి 1821లో మొదలై 1845 నాటికి బాగా బిగుసుకుంది. అలంకారం కోసమే ఉండే అంచులూ చెక్కడాలూ చేయకూడదు, మెరుగులద్దిన షోకు వస్తువులు విశ్వాసులకు తగవు అని అందులో తేటతెల్లంగా ఉంది. దీని పక్కన టొమాటోను పెడితే వాదన అక్కడితో ముగిసినట్టే కనిపిస్తుంది.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత కథ మారింది. షేకర్లు నమ్ముకున్న విత్తనాల వ్యాపారం, చీపుర్లు, బల్లలు, పీపాలు ఫ్యాక్టరీ సరుకు ధాటికి నిలవలేకపోయాయి. కొత్తగా చేరే మగవాళ్లు తగ్గిపోయారు, ఉన్నవాళ్లలో చాలామంది బయటి జీతాలకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో స్త్రీలే ఎక్కువ, వాళ్లలోనూ ముసలివాళ్లు కొందరు, పెంచుకున్న ఆడపిల్లలు కొందరు. పొలానికి కూలి మనుషుల్ని పెట్టాలి, కప్పులు బాగుచేయించాలి, పన్నులు కట్టాలి. ఆ డబ్బు సిస్టర్ల సూది నుంచి వచ్చింది. మెయిన్‌లోని సబ్బత్‌డే లేక్ గ్రామం నుంచి వాళ్లు దగ్గర్లోనే ఉన్న పోలండ్ స్ప్రింగ్ హోటల్‌కు వెళ్లి, వేసవి విడిదికొచ్చిన ధనవంతులకు ఈ సరుకు అమ్మేవారు. పోప్లర్ కర్రను సన్నటి ఈనెలుగా చీల్చి, మగ్గం మీద నేసి చేసిన చిన్న పెట్టెలు, కలం పాళీ తుడుచుకునే బొమ్మలు, సూదులు పెట్టుకునే గుడ్డ పుస్తకాలు, పండ్ల ఆకారంలో పిన్‌కుషన్లు. 1923లో ఆ ఊరి సోదరుడు డెల్మర్ విల్సన్ ఒక్కడే వెయ్యికి పైగా కోలపెట్టెలు చేశాడు. వాటికి లోపల పట్టు అతికి, పిన్‌కుషనూ మైనం ముద్దా రిబ్బన్లతో కట్టింది సిస్టర్లు.

టొమాటో పిన్‌కుషన్ ఎలా తయారవుతుందో కాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే దాన్ని షోకు అని కొట్టిపారేసేవాళ్లు ఈ పని చేయరు. ఎర్ర గుడ్డను గుండ్రంగా కత్తిరించి, అంచు వెంట దూరం దూరంగా కుట్టు వేసి దారం లాగితే సంచిలా ముడుచుకుంటుంది. దాన్ని ఉన్నితోనో రంపపు పొట్టుతోనో కూరతారు. వేలితో నొక్కితే లొంగనంత గట్టిగా కూరాలి. వదులుగా ఉంటే సూది కన్నుతో సహా లోపలికి జారిపోయి మళ్లీ దొరకదు. నోరు మూశాక దబ్బనంలో లావుపాటి దారం ఎక్కించి నడుమ నుంచి కిందికి దూర్చి, పక్క నుంచి పైకి తెచ్చి బిగించి, మళ్లీ నడుమలోకి దించుతారు. ఇలా ఆరేడుసార్లు తిప్పితే టొమాటోకుండే గాళ్లు ఏర్పడతాయి. చూడటానికి ఇదే అసలు సిసలు అలంకారం. కానీ పని చేసేదీ ఇదే: లోపలి పొట్టు ఒకవైపుకు ఒరిగిపోకుండా ఆ దారాలే ఆపుతాయి. పైన తొడిమ దగ్గరి ఆకుపచ్చ ఆకుకు ఫెల్ట్ ముక్క చాలు. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు, అదిమి ముద్ద చేసిన ఉన్ని. అంచు పీచులేచిపోదు, మడిచి కుట్టనక్కర్లేదు. కాబట్టి బొటనవేలి గోరంత పీలిక కూడా వృథా కాదు. పక్కన వేలాడే చిన్న స్ట్రాబెరీలో ఎమరీ పొడి ఉంటుంది. సూదిని అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే తుప్పు వదిలి మొన నునుపెక్కుతుంది. 1845 నియమం చేతిలో పట్టుకుని ఈ వస్తువును పరీక్షిస్తే ఊరికే ఉన్నది ఏమిటి? ఎరుపు రంగు, పండు రూపం. ఆ రెండే.

మరి ఆ రెండింటి సంగతేమిటని అడిగితే, ముందు ఆ నియమం దేనికి పుట్టిందో చూడాలి. షేకర్లకు పువ్వు మీద కోపం లేదు. అక్కర్లేని మెరుగు చేసేవాడి కాలాన్ని తింటుంది, కొనేవాడిలో నేను గొప్ప అన్న భావాన్ని పెంచుతుంది, ఇంటికీ ఇంటికీ మధ్య పోటీ తెస్తుంది. నిరాడంబరత ఈ మూడింటికీ మందు. మందును మొక్కుగా మార్చుకున్న క్షణంలో అదే రోగమవుతుంది: నా ఇంట్లో ఒక్క పువ్వూ లేదు చూడు అనడం కూడా డాబే. షేకర్ల అసలు మొక్కులు వేరు. నాది అన్నది ఉండకూడదు, ముసలివాళ్లను వదిలేయకూడదు, పెంచుకున్న పిల్లల్ని వీధిన పడేయకూడదు, పని మానకూడదు. 1880ల్లో ఈ మొక్కులకూ ఆ మందుకూ పొత్తు కుదరనప్పుడు సిస్టర్లు మొక్కుల్ని పట్టుకుని మందు మోతాదు తగ్గించారు. అది పతనం కాదు, వివేకం.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. అలంకారం మనసుకు చెరుపు అని నమ్మి, దాన్ని తాము వాడక బయటివాళ్లకు అమ్మడమంటే తాగనివాడు సారా కొట్టు పెట్టినట్టు కాదా? మనవాళ్లయితే దీనికి వెంటనే ఆపద్ధర్మం అని పేరు పెట్టి సమాధానపడతారు. మహాభారతం శాంతిపర్వంలో కరువు రోజుల్లో విశ్వామిత్రుడు కుక్క మాంసానికి చేయి చాచిన కథ ఉండనే ఉంది. కానీ ఆ సర్దుబాటు ఇక్కడ అవసరం లేదనే అంటాను. ఆపద్ధర్మం తప్పును తప్పుగానే ఉంచి, ప్రాణం కోసం దాన్ని క్షమిస్తుంది. షేకర్లు క్షమాపణ కోరలేదు, నియమాన్నే మార్చుకున్నారు. 1860 నాటికే దాన్ని చాలా సడలించారు. దైవవాక్కు ఎప్పుడో ఒకసారి పలికి ఆగిపోయిందని వాళ్లు నమ్మరు, తరం తరానికీ పలుకుతూనే ఉంటుందని నమ్ముతారు. అలాంటి మతంలో నియమాన్ని దాని ప్రయోజనంతో తూచి మార్చడం ధిక్కారం కాదు, ఆ మతాచారమే. పైగా ఈ సారా కొట్టు పోలిక నిలవడానికి సిస్టర్లు తమ గదుల్ని బోసిగా ఉంచుకుని ఉండాలి. ఉంచుకోలేదు. శతాబ్దం చివరికి వాళ్ల గోడలకూ రంగు కాగితాలు, పటాలు వచ్చాయి, ఆర్గన్ వచ్చింది. ఇది నా వాదనకు దెబ్బ అనేవాళ్లుంటారు. నిజానికి ఇది వాళ్ల నిజాయితీకి సాక్ష్యం: తమకు విషమనుకున్నదాన్ని ఇతరులకు పోయలేదు.

ఇంకో అభ్యంతరం నాకు మరింత బరువుగా తోస్తుంది. ఇలా వాదిస్తూ పోతే దేన్నయినా పూజ అనవచ్చు. లాభం కోసం చేసే ప్రతి పనికీ మా ఊరి ముసలివాళ్ల కోసమే అని ఒక కారణం తగిలించవచ్చు. నిజమే, అందుకే గీటురాయి కావాలి. అది మన నేల మీదే ఉంది. వీరశైవులు కాయకాన్ని, అంటే చేతిపనిని, కొలిచారు. చాకలి మడివాలు మాచయ్య వంటి శరణుల కథల్ని పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తెలుగులో చెప్పాడు. కానీ వాళ్ల బోధలో కాయకం ఒంటరిగా నిలబడదు, దాసోహంతో, అంటే సంపాదనను నలుగురికీ అర్పించడంతో, కలిసే నిలబడుతుంది. పని నిజాయితీగా ఉండాలి, వచ్చిన సొమ్ము నాది కాకూడదు. పని ఏ ఆకారంలో ఉందన్నది మూడో ప్రశ్న, అదీ చిన్నది. సిస్టర్ల టొమాటో ఈ రెండు షరతులకూ నిలుస్తుంది. కూర్పు గట్టిది, కుట్టు గట్టిది, లోపల చెత్త కూరి మోసం చేయలేదు. వచ్చిన డాలరు ఏ సిస్టర్ పెట్టెలోకీ పోలేదు, ఉమ్మడి ఖజానాలో పడింది. అదే టొమాటోను ఇంకొకరు సొంతానికి కుట్టి అమ్ముకుంటే పాపమని కాదు. దానికి పూజ అన్న పేరు మాత్రం రాదు. ఆకారం ఒకటే అయినా పేరు మారుతోందంటే పవిత్రత ఆకారంలో లేదన్నమాట.

ఇక కుర్చీ సంగతి. ఈ చర్చలో దానికి దక్కే గౌరవం నాకు కొంత వింతగా ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ లెబనాన్ షేకర్లు కుర్చీల్ని ఫ్యాక్టరీ పద్ధతిలో తయారుచేసి, సైజుల వారీగా అంకెలు వేసి, కేటలాగులు అచ్చువేసి అమ్మారు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో పెట్టారు. నకిలీలు పుట్టుకొస్తుంటే అసలు సరుకని గుర్తుపట్టడానికి బంగారు రంగు ముద్ర అతికారు. పరుపు కావాలంటే రంగు ఎంచుకోవచ్చు. ఇంత బేరమున్నా కుర్చీ భక్తికి గుర్తుగా మిగిలింది. ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దపు డిజైనర్ల అభిరుచికి ఆ సాదా గీతలు సరిపోయాయి. అంటే మనం వాళ్ల మతాన్ని మెచ్చుకోలేదు, మన అభిరుచికి మతం రంగు పూసుకున్నాం. ఇందులో ఇంకో సంగతి కూడా ఉందని నా అనుమానం. కుర్చీ వడ్రంగి పని, టొమాటో ఆడవాళ్ల కుట్టుపని. మొదటిది శిల్పమైంది, రెండోది కాలక్షేపమైంది. మెయిన్‌లోనే ఆల్ఫ్రెడ్ షేకర్ గ్రామంలో చిన్నప్పటి నుంచీ పెరిగి, తర్వాత సబ్బత్‌డే లేక్‌కు మారి 1990లో పోయిన సిస్టర్ మిల్డ్రెడ్ బార్కర్, చివరికి జనం నన్నొక కుర్చీగానే గుర్తుంచుకుంటారేమో అనే అర్థంలో విసుక్కుంది. ఆ విసుగులో న్యాయముంది. ఆమె మతం ప్రార్థనా, పాటా, కలిసి బతకడమూను, సామాను కాదు.

ఇన్ని టొమాటోలు కుట్టినా ఆ ఊళ్లు నిలవలేదు కదా అన్నది చివరి ఎత్తిపొడుపు. కాంటర్‌బరీలో ఆఖరి సిస్టర్ 1992లో పోయింది. సబ్బత్‌డే లేక్‌లో వేళ్లమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. పిల్లల్ని కనని మతం కొత్తవాళ్లు రాకపోతే తరిగిపోతుందని వాళ్లకు మొదటినుంచీ తెలుసు. సూది ఆ లోటు తీర్చగలదని ఎవరూ అనుకోలేదు. దానికి అప్పగించిన పని చిన్నది: ఉన్నవాళ్లు ఉన్నన్నాళ్లు ఒకే కప్పు కింద, ఒకే బల్ల దగ్గర, ఎవరి దయా అడగకుండా తిని బతకాలి. నియమం అక్షరాలా పాటించి 1880లోనే తలుపులు మూసుకుని, ముసలివాళ్లను బంధువుల ఇళ్లకూ పిల్లల్ని అనాథాశ్రమాలకూ పంపేసి ఉంటే, మ్యూజియం గోడకు మరింత సాదా కుర్చీ దక్కేదేమో. ఆన్ లీ అడిగింది అది కాదు.