దాసోహమున మొదటి పంక్తి పిల్లలది



కాయకము, దాసోహము అనునవి బసవేశ్వరులు మనకు అప్పగించిన రెండు నిధులు. చెమటోడ్చి ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని జంగమమునకు వినయముతో అర్పించుట దాసోహము. జంగమమనగా కదలునది. మన వాకిట తిరుగాడు పసివానికంటె చైతన్యముతో కదలునది మరేమున్నది?

నేను బడిపంతులను. ఒకనాడు పద్యము అప్పజెప్పలేదని ఒక బాలుని బల్లపై నిలువబెట్టితిని. కొంతసేపటికి వాడు సొమ్మసిల్లి పడెను. ముందునాటి రాత్రినుండి వాని కడుపులో మెతుకు లేదని పిమ్మట తెలిసినది. ఆ మధ్యాహ్నమే మా ఊర గణారాధన. విస్తరి ముందు కూర్చుంటినేకాని ముద్ద గొంతు దిగలేదు. వాడు మరచినది ఒక పద్యము. నేను మరచినది దాసోహము.

తుమకూరు చెంతనున్న సిద్ధగంగా మఠమును చూడుడు. డాక్టర్ శివకుమార మహాస్వాములవారు (1907-2019) కులమత భేదము లేక వేలకొలది పేదపిల్లలకు అన్నము, ఆశ్రయము, అక్షరము ఉచితముగా నొసగిరి. దీనినే త్రివిధ దాసోహమందురు. అన్నమును అక్షరమునుండి వారు వేరుచేయలేదు. 2019 జనవరి 21న వారు లింగైక్యులైరి. పిల్లల భోజనమైన తరువాతనే ఆ వార్త వెల్లడింపవలెనని వారు ముందే చెప్పియుంచిరట. తన మరణవార్తవలన సైతము ఒక్క బిడ్డ పస్తుండరాదని తలచిన హృదయమది!

మన సంగతియేమి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, వయసుకు తగిన ఎత్తు ఎదుగని అయిదేండ్లలోపు పిల్లలు ఆంధ్రప్రదేశములో నూటికి 31.2, తెలంగాణలో 33.1. అంగన్‌వాడీ యున్నది, బడిలో మధ్యాహ్న భోజనమున్నది. ఇక మన పనియేమని కొందరందురు. సెలవునాటి ఆకలి ఎవరిది? గర్భిణి కంచము సంగతి ఎవరు విచారింతురు? తల్లిగర్భమునుండి రెండవయేడు నిండువరకు గల వేయి దినములలో తగ్గిన పోషణను తరువాత పూరించుట మిక్కిలి కష్టము.

కావున మఠాధిపతులకు, సంఘపెద్దలకు నా విన్నపము. బసవజయంతినాటి వ్యయములో కొంత భాగమును పిల్లలకై కేటాయింపుడు. రాగిజావ, పప్పు, ఆకుకూర, పాలు, వేరుసెనగ బెల్లపుటుండ: ఇవి మన ఆచారమునకు తగినవి, మన పొలములో పండునవి. నెలకొకమారు అంగన్‌వాడీకి వెళ్లి పిల్లల తూకము సరిగా పెరుగుచున్నదో లేదో విచారింపుడు. సాయంకాలము మఠపు వసారాలో దీపము వెలిగించి, చదువుకొన్న యువకులచే పిల్లలకు అక్షరములు దిద్దింపుడు. ఆ పిల్లలు ఎవరివారని అడుగకుడు.

ఇష్టలింగమును అరచేత నిలుపుకొన్న మనము ఆ చేతితోనే ఒక బిడ్డకు ముద్ద అందింతుము గాక! మరునాడు వానిచేత పలక పట్టింతుము గాక!