గడువునాటి రాత్రి

విద్యార్థి తనకిచ్చిన వ్యాసమును గడువు ముగియు రాత్రియే యేల వ్రాయును? సోమరితనమని పెద్దలందురు. ఈ సమాధానము సులభమైనది, కాని చాలదు. నెలదినములు వ్యాసమును ముట్టనివాడే ఆ నెలలో గ్రంథాలయమున పుస్తకములు తిరుగవేసెను, గది నూడ్చెను, మిత్రునికి దరఖాస్తు వ్రాసిపెట్టెను. అతడు పనికి వెనుదీయువాడు కాడు. ఆ ఒక్క పనికే వెనుదీయుచున్నాడు.

భగవద్గీత 18వ అధ్యాయము దీర్ఘసూత్రిని తామసకర్తలలో చేర్చినది. మహాభారత శాంతిపర్వమున దీర్ఘసూత్రుడను చేప, నీరు తగ్గుచున్న మడుగును విడువక జాలరుల చేత చిక్కినది. అయితే ఆ పర్వముననే చిరకారి కథయు కలదు. తల్లిని చంపుమని తండ్రియైన గౌతముడు ఆనతీయగా చిరకారి ఆలోచించుచు కూర్చుండెను. తండ్రి పశ్చాత్తాపముతో తిరిగివచ్చి, ఆ జాగునకే కుమారుని మెచ్చుకొనెను. కావున జాగు దోషమా, గుణమా యని గాక, ఆ జాగులో మనసేమి చేయుచున్నదని అడుగవలెను. చిరకారి చేయవలసినదానినే తలపోయుచుండెను. విద్యార్థి దానిని తలపునకే రానీయడు.

ఏల రానీయడు? వ్రాయని వ్యాసమునకు దోషము లేదు. కాగితముపై పెట్టినంతనే తన శక్తి యెంతయో తేలిపోవును. చివరి రాత్రి వ్రాసినవానికి తక్కువ మార్కులు వచ్చినచో కాలము చాలలేదనవచ్చును. తెలివి చాలలేదని యెవరును అనజాలరు. పది దినములు శ్రమించి వ్రాసినవానికి అట్టి చాటు లేదు. (ముద్రాపకుడు వాకిట నిలుచువరకు పీఠిక వ్రాయని పండితులకును ఈ చాటు తెలియనిది కాదు.)

విద్యార్థి తన బలహీనతను ఎరుగడనుటకును వీలులేదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిపి, ఏరియెలీ, వెర్టెన్‌బ్రోక్ అను పరిశోధకులు 2002లో ప్రకటించిన ప్రయోగమొకటి కలదు. మూడు వ్యాసములకు గడువులను తామే నిర్ణయించుకొనుడనగా, ఆలస్యమునకు మార్కులు తగ్గునని తెలిసియు, పలువురు చివరి దినమును గాక ముందు దినములనే కోరిరి. తమను తాము కట్టివేసికొనుటకు త్రాడు తామే అందించిరి.

పగలు చదివి, సాయంకాలము ట్యూషన్లు చెప్పి తమ్ముని ఫీజు కట్టువాని చివరి రాత్రి వేరు. అది భయమునుండి పుట్టినది కాదు. రెండింటిని ఒకే తప్పుగా లెక్కించు ఆచార్యుడు న్యాయము తప్పును. అట్టివానికి వ్యవధి కావలెనేని ముందుగనే విచారించి యీయవలెను. గడువు రాత్రి అందరికిని పొడిగించుట దయ కాదు. ఇంటిపని ముగించుకొని, దినదినము వేకువనే లేచి వ్రాసి, వేళకు అందించిన పిల్ల ఆ ప్రకటన చదివి చిన్నబోవును. ఆమె కోల్పోయిన నిద్ర నెవ్వరిచ్చెదరు? తరువాతి గడువును ఆమెయు నమ్మదు.