దానంతట అది దిగిరాదు

నారాయణఖేడ్

మనవరాలికి,

బిడ్డా, ఎప్‌సెట్ ర్యాంకు వచ్చింది, ఇక వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి, ఏ బ్రాంచి మంచిదని అడిగావు. మనం రోజూ వాడే వస్తువుల్లో సగం అంతరిక్ష పరిశోధనలోంచి పుట్టినవేనట కదా, ఆ దారిన పోతే ఎట్లా ఉంటుందని కూడా అడిగావు. ఇవి రెండు ప్రశ్నలనుకుంటున్నావు గానీ, నాకు ఒకటే ప్రశ్నలా కనిపిస్తున్నాయి. ఒక వస్తువు ఎవరి చేతుల మీదుగా మన ఇంటికి చేరిందో తెలిసినవాళ్లకే తమ చేతులతో ఏం చేయాలో తెలుస్తుంది. అందుకే నా మాట ముందే చెప్తున్నా. ఏ విద్యా ఆకాశం నుంచి దానంతట అది మన వాకిట్లోకి దిగిరాలేదు. ఇక్కడి కష్టం ఎరిగినవాళ్లు, అక్కడి విద్య నేర్చినవాళ్లు కలిసి దించితేనే దిగింది. ఇంజినీరు కావడమంటే ఆ దించే పనికి పూనుకోవడం. బ్రాంచి సంగతి ఆ తర్వాతే.

ముందు నిజమేదో, కట్టుకథేదో వేరుచేసుకుందాం. అంటుకోని పెనం మీది టెఫ్లాన్ పూత నాసా చలవేనని చెప్తుంటారు. టెఫ్లాన్‌ను డూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు రాయ్ ప్లంకెట్ 1938లో కనుక్కున్నాడు. నాసా పుట్టిందే 1958లో. బ్యాగుల మీద చర్రుమని ఊడే వెల్‌క్రో పట్టీ కూడా నాసాది కాదు. కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలు ఎందుకు ఊడిరావట్లేదని ఆలోచించిన స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రాల్‌ది ఆ ఘనత. వ్యోమగాములు వాటిని వాడారు, అంతవరకే. ఫోన్‌లో దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల మీద నడిచేదే అయినా, దాన్ని అమెరికా రక్షణ శాఖ తన సైన్యం కోసం కట్టుకుంది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను 1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ చేసి చూపించాడు. అపోలో కార్యక్రమం దాన్ని కనిపెట్టలేదు గానీ, అది ఖరీదుగా ఉన్న తొలి రోజుల్లోనే పెద్ద ఎత్తున కొని, కఠినంగా పరీక్షించి, నిలదొక్కుకునేలా చేసింది. కనిపెట్టడం వేరు, కొనడం వేరు, వాడి పేరు తేవడం వేరు. ఈ మూడింటినీ కలిపేసి ఒకరి ఖాతాలో రాస్తే, అసలు పనిచేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

అట్లాగని అంతరిక్ష పరిశోధన మన ఇళ్లలోకి ఏమీ తేలేదని కాదు. నీ ఫోన్ కెమెరానే తీసుకో. అందులోని చిప్ రాకముందు వాడిన సీసీడీ కెమెరాల్లో, ఒక్కో బిందువు మీద పడిన వెలుగును విద్యుదావేశంగా మార్చి, ఆ ఆవేశాన్ని వరుసగా జరుపుకుంటూ ఒక చివరికి తెచ్చి కొలవాలి. దానికి కరెంటు ఎక్కువ కావాలి, విడి పరికరాలూ ఎక్కువే. గ్రహాల దగ్గరికి పంపే నౌకలో ప్రతి గ్రాము బరువుకూ, ప్రతి వాటు కరెంటుకూ లెక్క ఉంటుంది. అందుకని 1990ల మొదట్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం ప్రతి బిందువు దగ్గరే ఒక చిన్న యాంప్లిఫయర్ అమర్చి, మామూలు కంప్యూటర్ చిప్‌లు చేసే పద్ధతిలోనే కెమెరా చిప్ చేసే దారి చూపింది. ఇది నిజంగా అంతరిక్ష అవసరంలోంచి వచ్చిందే. అయితే అది ప్రయోగశాలలోనే ఉండిపోతే నీ చేతికి వచ్చేదా? ఫాసమ్, ఆయన సహచరులు 1995లో ఫోటోబిట్ అనే కంపెనీ పెట్టి, ఆ చిప్‌ను మార్కెట్‌లోకి తీసుకెళ్లడానికి ఏళ్ల తరబడి కష్టపడ్డారు. పరిశోధన బావిలో ఊరిన నీళ్లయితే, చేద వేసి తోడే మనిషి కూడా కావాలి. చరిత్ర రాసేవాళ్లు బావి తవ్వినవాళ్ల పేరు రాసి, తోడినవాళ్లను మరిచిపోతుంటారు.

మన హైదరాబాద్‌లోనే జరిగిన సంగతి దీనికి ఇంకా మంచి రుజువు. శ్రీహరికోట నుంచి 1980లో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ ప్రాజెక్టుకు డైరెక్టర్ అబ్దుల్ కలాం. 1982లో ఆయన హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్ అనే రక్షణ ప్రయోగశాలకు వచ్చి క్షిపణుల పని చేపట్టారు. రాకెట్ అయినా, క్షిపణి అయినా, బరువు తగ్గాలి, బలం తగ్గకూడదు. అందుకోసం తేలికైన మిశ్రమ పదార్థాలు తయారుచేశారు. నిమ్స్ ఆసుపత్రిలో ఎముకల వైద్యులొకరు ఆ ప్రయోగశాలకు వచ్చి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప క్యాలిపర్లు కాళ్లకు కట్టుకుని, ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు చేసిచ్చామని కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. తన జీవితంలోని పెద్ద ఆనందాల్లో ఒకటిగా దాన్ని చెప్పుకున్నారు. ఇక్కడ ఒకటి గమనించు. ఆ పదార్థం అప్పటికే ప్రయోగశాలలో ఉంది, ఆ పిల్లలూ అప్పటికే ఆసుపత్రిలో ఉన్నారు, రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి. మధ్యలో లేనిదల్లా పిల్లల కాళ్ల బరువు తెలిసిన మనిషి వచ్చి ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకోవడం. గుండె వైద్యులు సోమరాజు గారితో కలిసి 1990ల్లో తక్కువ ధరలో తెచ్చిన కలాం-రాజు స్టెంట్ (గుండె రక్తనాళంలో పెట్టే గొట్టం) వెనకా ఇదే కథ ఉంది. అడిగినవాళ్లు ఉంటేనే ఆ విద్య దిగింది.

దించే పని ఎంత మామూలు వస్తువులతో జరుగుతుందో కూడా చూడు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. దాన్నే సైట్ ప్రయోగం అన్నారు. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు అందులో పాఠాలు. ఉపగ్రహం అప్పుగా వచ్చింది సరే, పల్లెలో దాని సిగ్నల్ పట్టేదెట్లా? ఇస్రో ఇంజినీర్లు కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప జాలితో దాదాపు మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా తయారుచేశారు. టీవీ సెట్లు హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ చేసింది. కరెంటు లేని చోట బ్యాటరీల మీద నడపాల్సి వచ్చింది, చెడిపోతే బాగుచేసే మనుషులను దగ్గర్లో ఉంచాల్సి వచ్చింది. ఉపగ్రహం వేల కిలోమీటర్ల ఎత్తున ఎంత గొప్పగా పనిచేసినా, ఊళ్లో జాలి వంగిపోతే బొమ్మ రాదు. ఆ జాలి కట్టిన చేతులు, ఆ సెట్టు బాగుచేసిన చేతులు ఉపగ్రహం చేసిన చేతుల కన్నా ఏ మాత్రం తక్కువవి కావు.

ఇక్కడ నువ్వు ఒక గట్టి ప్రశ్న వేయొచ్చు. క్యాలిపర్ కావాలంటే క్యాలిపర్ మీదే పరిశోధన చేయొచ్చు కదా, దానికి రాకెట్ ఎందుకు అని. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. ఇంట్లోకి వచ్చిన వస్తువుల జాబితా చూపించి అంతరిక్ష పరిశోధన ఖర్చును సమర్థించడం బలహీనమైన వాదం. అసలు బలం నేరుగా అందే మేలులో ఉంది. 1977 నవంబరులో దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు దాదాపు 10 వేల మంది ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని చిందరవందర చేసినా, మన రాష్ట్రాల్లో పోయిన ప్రాణాలు పదుల్లోనే ఉన్నాయి. అది సముద్రం మీద ఉండగానే ఉపగ్రహాలు దాని కదలిక చూపిస్తూ వచ్చాయి. అయితే ఈ మేలు కూడా మొత్తం ఉపగ్రహానిదే అనకు. తీరంలోని రాడార్లు, తుపాను షెల్టర్లు, ముందుగానే జనాన్ని లేపి బస్సెక్కించిన తహసీల్దార్లు, మైకులో చాటింపు వేసినవాళ్లు అందరూ కలిస్తేనే ఆ ప్రాణాలు నిలిచాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడి, నీటి రంగు చూసి, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెప్తుంది. ఆ సమాచారం రేవు దాకా, పడవ దాకా చేరితేనే దానికి విలువ. రాకెట్ ఖర్చు వృథానా కాదా అన్నది ఆకాశంలో తేలదు బిడ్డా, మనం కింద ఎంత తోడుకున్నామన్న దాన్ని బట్టే తేలుతుంది.

రెండో ప్రశ్న నీ మనసులో ఉండే ఉంటుంది. ఇంత మారుమూల ఊరి పిల్లకు ఇవన్నీ ఎందుకు, ఇవి హైదరాబాద్ వాళ్ల ముచ్చట్లు కదా అని. నా లెక్కలో ఇది తలకిందుల ఆలోచన. మన ప్రాంతపు నేల కింద బసాల్టు రాయి ఉంది, పైన నల్లరేగడి, కొన్నిచోట్ల ఎర్రటి జేగురు రాయి. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో చెప్పడం కష్టం. అప్పు చేసి బోర్లు వేయించి, నీళ్లు పడక కుంగిపోయిన రైతులు ప్రతి ఊళ్లో ఉన్నారు. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, రాష్ట్రాల సంస్థలతో కలిసి తాగునీటి కోసం భూగర్భజల సంభావ్యత పటాలు తయారుచేసింది. ఉపగ్రహానికి భూమి లోపలి నీళ్లు కనపడవు. కనిపించేవి నేల ఆకారం, రాతిలో చీలికలు పోయిన గీతలు, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే చెట్ల వరసలు. వాటిని బట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు అంచనా కడతారు. ఆ తర్వాత నేల మీద పరికరాలతో సర్వే చేసి చూడాలి. ఆ పటాన్ని చదివి ఫలానా తండా రైతుకు ‘ఇక్కడ వేయొద్దు, డబ్బు వృథా’ అని అర్థమయ్యే మాటలో చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఉపాధి హామీలో తవ్విన కుంటల ఫొటోలను స్థలం వివరాలతో సహా ఇస్రో వారి భువన్ పటం మీదికి ఎక్కిస్తూ వచ్చారు. ఆ సమాచారంతో వచ్చే ఏడు ఏ కుంటలో పూడిక తీయాలో తేల్చుకోగల ఇంజినీరు మన మండలానికి కావాలి. ఎండిన బోరు సంగతి తెలిసిన పిల్లకు ఉన్న చూపు, పటం మాత్రమే చూసినవాళ్లకు ఉండదు. నువ్వు పుట్టిన ఊరు నీకు లోటు కాదు, నీ పెట్టుబడి.

మూడో ప్రశ్న జీతం గురించి. దాన్ని నేను చిన్నచూపు చూడను. ఇంటి మీద అప్పు ఉంటే కంప్యూటర్ సైన్స్ తీసుకుని త్వరగా ఉద్యోగంలో చేరాలనుకోవడం తప్పు కాదు, బాధ్యత. పైగా ఉపగ్రహ చిత్రాలను విడదీసి చూసేది కూడా కంప్యూటర్ ప్రోగ్రామే. కానీ అందరూ అదే బ్రాంచి పెట్టుకుంటున్నారని, మెకానికల్, సివిల్ సీట్లు మిగిలిపోతున్నాయని విని, వాటికి విలువ లేదనుకోకు. మన జిల్లాలోనే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం, భానూరులో భారత్ డైనమిక్స్ ఉన్నాయి. హైదరాబాద్‌లోని మిధాని అనే లోహ సంస్థ రాకెట్లకు కావాల్సిన ప్రత్యేక ఉక్కు, టైటానియం పోతపోస్తుంది. ఇస్రో వదిలి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా హైదరాబాద్‌లో స్కైరూట్ అనే కంపెనీ పెట్టి, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేశారు. ఈ పనుల్లో బీటెక్ చదివినవాళ్లే కాదు, డిప్లొమా చేసినవాళ్లు, ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, వెల్డర్ పని నేర్చినవాళ్లు కూడా ఉన్నారు. ఇస్రో నోటిఫికేషన్లలో వాళ్లకు వేరే పోస్టులు ఉంటాయి. వెల్డింగ్ కుట్టులో సన్న బుడగ ఉన్నా రాకెట్ ట్యాంకు పగలొచ్చు. కాబట్టి నీ తమ్ముడు ఐటీఐలో చేరతానంటే తక్కువ చేసి మాట్లాడకు.

చివరగా, అంతరిక్ష పరిశోధన నుంచి మనం తప్పకుండా తెచ్చుకోవాల్సింది ఒకటుంది. దానికి డబ్బు అక్కర్లేదు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమైంది. రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఎందుకు పడిందో వెతికితే, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు దుమ్ము చేరి సరిగా మూసుకోక, ఆక్సిడైజర్ కారిపోయిందని తేలింది. అంత పెద్ద యంత్రాన్ని కూల్చింది కొంచెం దుమ్ము. దాన్ని దాచలేదు, దిద్దుకున్నారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. నిజం ఎంత చిన్నదైనా వెతికి పట్టుకోవడం, తప్పు దొరికితే మూసిపెట్టకుండా అందరి ముందూ పెట్టడం ఆ విద్యకు ప్రాణం. టెఫ్లాన్, వెల్‌క్రో కథలు అబద్ధమని ముందే ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పొగడ్త కోసం చిన్న అబద్ధాన్ని ఒప్పుకునే మనసు, రేపు పరీక్ష రిపోర్టులో కూడా చిన్న అబద్ధాన్ని ఒప్పుకుంటుంది. అప్పుడు కూలేది రాకెట్ కావొచ్చు, కల్వర్టు కావొచ్చు, ఆసుపత్రిలో ఆక్సిజన్ పైపు కావొచ్చు.

కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టేముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకో. మన చుట్టూ ఏ కష్టం నాకు బాగా తెలుసు? దాన్ని తీర్చడానికి ఏ విద్య పనికొస్తుంది? నాలుగేళ్లు విసుగు లేకుండా కూర్చుని నేర్చుకోగలిగేది అందులో ఏది? జవాబు సివిల్ అయితే సివిల్, ఎలక్ట్రానిక్స్ అయితే ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు అయితే కంప్యూటర్లు. చేరాక మొదటి ఏడాది నుంచే లెక్క తప్పకుండా కొలవడం, కొలిచింది ఉన్నదున్నట్టు రాయడం అలవాటు చేసుకో. ప్రతి సెలవుకూ వచ్చి ఇక్కడి రైతులతో, అంగన్‌వాడీ టీచర్లతో, దవాఖాన నర్సులతో కూర్చుని వాళ్లకు ఏది ఆగిపోతోందో అడుగు. ఇస్రోలో చేరితే గర్వపడతాను. చేరకపోయినా, అక్కడి విద్యలో ఒక్కటి తెచ్చి ఇక్కడి ఒక్క కష్టం తీరిస్తే అంతే గర్వపడతాను.

ఆశీస్సులతో,
మీ తాత